బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్ని ఏ బడిలో వేయాలి? వీధి బడి, ప్రైవేటు స్కూలు, స్పెషల్ స్కూలు: ఒక తల్లి పోలిక

మా వాడికి ఐదేళ్లు నిండిన వేసవిలో ఇంట్లో తలా ఒక మాట. "ఇంకో ఏడాది ఇంట్లోనే ఉండనివ్వండి, మాటలు బాగా వచ్చాక చూద్దాం" అని మా అత్తయ్య. మా ఆయన ఒంగోలులో పేరున్న ఒక ప్రైవేటు స్కూలు అప్లికేషన్ పట్టుకొచ్చారు. స్పీచ్ థెరపీ మేడమ్ స్పెషల్ స్కూలు చూడమన్నారు. మా వీధి చివరున్న మున్సిపల్ బడి మాత్రం ఎవరికీ గుర్తుకే రాలేదు. వాడికి డౌన్ సిండ్రోమ్, దాంతోపాటు మధ్యస్థ స్థాయి బుద్ధిమాంద్యం. ఇప్పుడు నాలుగో తరగతి, ఆ మున్సిపల్ బడిలోనే. మొదట ఒక ఏడాది ప్రైవేటులో వేసి, డబ్బు పోగొట్టుకుని, ఏడ్చి బయటికొచ్చాం. ఆ ఏడాది నేర్పిందీ, తర్వాత తోటి అమ్మానాన్నలతో కలిసి బడులు తిరిగితే తెలిసిందీ ఇక్కడ రాస్తున్నాను.

"మా పిల్లాణ్ణి చేర్చుకుంటారా అండీ" అని బతిమాలుతూ మొదలుపెడతాం చూడండి, తప్పు అక్కడే మొదలవుతుంది. చేర్చుకోవడం వాళ్ల దయ కాదు, చట్టం. అడగాల్సింది వేరే ఉంది. చేర్చుకున్నాక, ప్రార్థన అయినప్పటి నుంచి ఇంటి బెల్లు కొట్టేదాకా వీడి చేతికి ఏ పని ఇస్తారు, ఎవరు ఇస్తారు? నేను చూసిన బడులన్నిటినీ ఈ ఒక్క ప్రశ్నతోనే పోలుస్తాను.

సర్టిఫికెట్ మీద అంకె చూసి బెదరకండి

బడి కంటే ముందు సదరం, అంటే వైకల్య సర్టిఫికెట్. ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలో, తెలంగాణలో ఇప్పుడు యూడీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో స్లాట్ బుక్ చేసుకుని ప్రభుత్వ ఆసుపత్రి క్యాంపుకు వెళ్లాలి. మా వాడి కాగితం మీద 75 శాతం అని ఉంటే మా ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పావు వంతు తెలివే ఉందని అర్థం చేసుకున్నారు పాపం. అది అలా లెక్కగట్టే అంకె కాదు. స్థాయిని బట్టి అంకె ముందే ఖాయం చేసి ఉంటుంది: స్వల్పమైతే 50, మధ్యస్థమైతే 75, తీవ్రమైతే 90, అతి తీవ్రమైతే 100. ఒకే 75 ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకడు దుకాణానికెళ్లి పాల ప్యాకెట్ తెస్తాడు, ఇంకొకడు చెప్పులు వేసుకోవడానికి సాయం అడుగుతాడు. కాబట్టి ఆ అంకె చూసి బడి ఎంచుకోకండి.

మరి ఆ కాగితం ఎందుకంటే, హక్కుల కోసం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య. దగ్గర్లోని బడిలో చదువుతారా, స్పెషల్ స్కూల్లో చదువుతారా అన్నది మన ఇష్టం. ఈ 'ఇష్టం' అన్న మాట చట్టంలోనే ఉంది. ఎవరైనా "మీ బాబుకి స్పెషల్ స్కూలే కరెక్టండీ" అని గేటు దగ్గరే తేల్చేస్తుంటే అది గుర్తు చేసుకోండి.

ప్రైవేటు స్కూలు: మా ఏడాది కథ

మొదట వెళ్లింది ఇక్కడికే కనుక మొదట ఇదే చెబుతాను. స్కూలు పేరు వద్దు. బాగానే మాట్లాడారు, ఫీజు మొత్తం కట్టించుకున్నారు. దసరా సెలవుల ముందు పిలిచి, "మీ వాడి వల్ల మిగతా పిల్లలు డిస్టర్బ్ అవుతున్నారు, షాడో టీచర్‌ని మీరే పెట్టుకోండి" అన్నారు. అంటే బిడ్డ పక్కన కూర్చుని చూసుకునే మనిషికి జీతం మనమే ఇవ్వాలి, ఫీజు ఎటూ తప్పదు. పెట్టుకున్నాం. డిగ్రీ చదివి ఇంట్లో ఉంటున్న అమ్మాయి, మంచి పిల్ల, కానీ ఈ పనిలో శిక్షణ లేదు. ఆమె వచ్చాక క్లాస్ టీచర్ వాడి వైపు చూడటం కూడా మానేసింది. వాడు, ఆ అమ్మాయి, ఒక రంగుల పుస్తకం, మూలన ఒక బల్ల. నలభై మంది ఉన్న గదిలో వాడిది వేరే గది అయిపోయింది.

షాడో టీచర్ అసలు వద్దని కాదు. కదలకుండా కూర్చోలేని పిల్లలకు, బయటికి పరిగెత్తే పిల్లలకు మొదటి కొన్ని నెలలు అవసరమే. కానీ ఆ మనిషి పని ఎప్పటికి తగ్గిస్తారో మొదటి రోజే మాట్లాడుకోవాలి. తగ్గించే ఆలోచనే లేకపోతే అది ట్యూషన్ కింద లెక్క.

మంచి ప్రైవేటు స్కూళ్లు లేవా? ఉన్నాయి. సొంతంగా స్పెషల్ ఎడ్యుకేటర్‌ని పెట్టుకున్నవి హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో కనిపిస్తాయి. చిన్న ఊళ్లలోనూ ఒక్కోసారి ముప్పై మందితో నడిచే చిన్న స్కూలు పెద్ద పేరున్న దానికంటే వంద రెట్లు నయం. "స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారు" అంటే ఆవిడకి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా అని అడగండి. మొహమాటం పడకండి. నెల రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసి ఆ బోర్డు తగిలించుకున్నవాళ్లను నేను చూశాను.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం చేర్చుకునే ముందు బిడ్డకి గానీ మనకి గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. ప్రైవేటు స్కూళ్లు ఒకటో తరగతిలో ఇవ్వాల్సిన 25 శాతం ఉచిత సీట్లకు మన పిల్లలూ అర్హులే, ఆంధ్రప్రదేశ్‌లో దీనికి ఆన్‌లైన్‌లో దరఖాస్తులు తీసుకుంటున్నారు. అయితే 2014 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత మైనారిటీ సంస్థల బడులకు ఈ చట్టం వర్తించడం లేదు, కాబట్టి మిషనరీ స్కూలు గేటు దగ్గర ఈ సెక్షన్లు చదివితే పని జరగదు.

వీధి చివర ప్రభుత్వ బడి

మా వాడు ఇక్కడ చేరేటప్పటికి ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో, మొత్తం పంతొమ్మిది మంది. ఇద్దరు టీచర్లు. బయటివాళ్లకి అదొక లోపంలా కనిపిస్తుంది, మన పిల్లలకి మాత్రం అదే కలిసొచ్చింది. ఒకే గదిలో మూడు నాలుగు స్థాయిల పిల్లలు ఉంటే టీచర్ ఎలాగూ ఒక్కొక్కరికి ఒక్కో పని ఇస్తుంది. వీడు ఇంకా అక్షరాల దగ్గరే ఉన్నా ఎవరికీ వింత అనిపించదు, పక్కన ఇంకో ఇద్దరు అక్కడే ఉంటారు. నలభై మంది ఒకే పేజీ తిప్పే గదిలో అయితే ఆ పేజీ తిప్పనివాడు వెంటనే బయటపడిపోతాడు.

ఇంకో లాభం భవిత కేంద్రం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష పథకం కింద రెండు రాష్ట్రాల్లోనూ మండల స్థాయిలో ఇవి నడుస్తున్నాయి. ప్రత్యేక శిక్షణ ఉన్న రిసోర్స్ టీచర్లు, ఐఈఆర్‌పీలు అంటారు, అక్కడ ఉంటారు. వారంలో ఫలానా రోజు ఫిజియోథెరపీ ఉంటుంది. రవాణా భత్యం, తోడు వచ్చేవాళ్లకి భత్యం, ఆడపిల్లలకైతే నెలకు 200 రూపాయల స్టైపెండ్ ఉన్నాయి. డబ్బులు చేతికి ఎప్పుడొస్తాయో చూసుకుని ఇంటి బడ్జెట్ వేసుకోకండి గానీ, దరఖాస్తు మాత్రం పెట్టండి. వీటన్నిటికీ బిడ్డ పేరు బడి రికార్డుల్లో ప్రత్యేక అవసరాలు గల విద్యార్థిగా ఎక్కాలి. హెడ్ మాస్టర్ గారిని అడిగి ఆన్‌లైన్ ఎంట్రీ మీ కళ్లతో చూసుకోండి.

లోపాలూ చెప్పాలి. రిసోర్స్ టీచర్ మండలంలోని బడులన్నీ తిరగాలి, మన బడికి వచ్చేది ఎప్పుడో. ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక టీచర్, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మన బడుల్లో ఆ లెక్క ఎక్కడుందో మీకే తెలుసు. ఉన్న టీచర్‌కే సర్వేలు, యాప్‌లు, ఎన్నికల డ్యూటీలు. ఏ రోజైనా ఆమె సెలవు పెడితే ఆ రోజు అంతే.

అసలు ప్రమాదం మాత్రం ఇంకోటి. "మీ వాడు మంచోడేనమ్మా, అస్సలు గొడవ చేయడు" అని టీచర్ అంటే మనకి ప్రాణం లేచొస్తుంది. నాకూ వచ్చింది. తర్వాత ఒక రోజు చెప్పకుండా వెళ్లి కిటికీలోంచి చూశాను. పలక ఒళ్లో పెట్టుకుని ఫ్యాన్ చూస్తూ కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు నిలబడ్డాను, ఫ్యానే చూశాడు. మన పిల్లల్లో గొడవ చేసేవాడికి ఏదో ఒక పని దొరుకుతుంది, గొడవ చేయనివాడు వెనకబడిపోతాడు. గొడవ పెట్టుకోలేదు నేను. "మేడమ్, లెక్కల పీరియడ్‌లో వీడికి చింతపిక్కలు ఇస్తే లెక్కపెడతాడు" అని ఒక డబ్బా నింపి ఇచ్చి వచ్చాను. ఆ డబ్బా ఇప్పటికీ ఉంది, ఇప్పుడు ఇంకో ఇద్దరు పిల్లలు కూడా దాంతోనే కూడికలు చేస్తారు.

స్పెషల్ స్కూలు

దీని మీద మనవాళ్లకి రెండు రకాల అపోహలు. ఒకటి, అక్కడ వేస్తే బిడ్డకి ముద్ర పడిపోతుందని. రెండోది, అక్కడైతే అన్నీ వాళ్లే చూసుకుంటారని. మంచి స్పెషల్ స్కూల్లో ఆరేడుగురికి ఒక టీచర్ ఉంటారు, ప్రతి బిడ్డకీ విడిగా రాసిన ప్లాన్ ఉంటుంది, థెరపీలు అక్కడే జరుగుతాయి, పెద్దయ్యాక కవర్లు అంటించడం, కొవ్వొత్తులు చేయడం లాంటి పనులు నేర్పుతారు. బాత్రూమ్ అలవాటు, తనంతట తాను తినడం ఇంకా రాని పిల్లలకి, ఫిట్స్ తరచూ వచ్చే పిల్లలకి, తీవ్ర స్థాయి వాళ్లకి నేను మొదట ఇదే చూడమంటాను.

సమస్య దూరం. హైదరాబాద్‌లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ, సికింద్రాబాద్‌లో స్వీకార్, విశాఖలో లెబెన్‌షిల్ఫే లాంటివి ఉన్నాయి. జిల్లాల్లో వెతుక్కోవాలి. ఆరేళ్ల బిడ్డ ఆటోలో పోనూ రానూ రోజుకు రెండున్నర గంటలు కూర్చుంటే, అక్కడ నేర్చుకున్నదంతా ఆ ప్రయాణంలోనే అలసట కింద పోతుంది. హాస్టల్ ఉంది కదా అని చిన్న వయసులో దూరంగా పంపడం నాకైతే నచ్చదు. దగ్గర్లో ఏదీ లేని కుటుంబాల ఇబ్బంది తెలుసు కాబట్టి అంతకు మించి అనను.

రెండో సంగతి, మాట. మాటలు ఆలస్యమైన పిల్లలు మాట్లాడే పిల్లల మధ్య ఉంటే ఎక్కువ మాట్లాడతారు. మా వాడికి "నువ్వు అవుట్‌రా" అన్న మాట నేర్పింది ఏ థెరపిస్టూ కాదు. తీరా వచ్చాక రోజంతా అదే.

ఇంటి దగ్గరే చదువు అనే నాలుగో దారి కూడా చట్టంలో ఉంది, తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లల కోసం. రిసోర్స్ టీచర్ ఇంటికే వచ్చి చెబుతారు. మంచం మీద నుంచి లేవలేని బిడ్డకి అది వరం. నడిచే బిడ్డకి మాత్రం వద్దు. "పేరు బడిలో ఉంచుతాం, ఇంటి దగ్గరే ఉంచుకోండమ్మా" అని ఎవరైనా మర్యాదగా చెబితే, అది మర్యాదగా గెంటేయడమే.

రెండూ కలిపితే?

మాలాంటి మధ్యస్థ స్థాయి పిల్లలున్న ఇళ్లలో చివరికి చాలామంది కుదుర్చుకునేది ఇదే. మా వాడు వారంలో నాలుగు రోజులు బడికి, రెండు రోజులు మధ్యాహ్న భోజనం దాకా బడిలో ఉండి తర్వాత భవితకు. భవిత మేడమ్ నేర్పింది ఒక చిన్న నోట్‌బుక్‌లో రాస్తారు, బడి మేడమ్ అది చూసి మర్నాడు అదే పని ఇస్తారు. ఈ నోట్‌బుక్ లేకపోతే రెండు చోట్ల రెండు రకాలుగా నేర్పి బిడ్డని అయోమయంలో పడేస్తారు.

ఇంగ్లిష్ మీడియమా, తెలుగా?

ప్రతి అమ్మా నన్ను మొదట అడిగేది ఇదే. రెండు భాషలు వింటే మన పిల్లలకి మాటలు ఆగిపోతాయని ఒక భయం. డౌన్ సిండ్రోమ్ పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో అలా తేలలేదు. ఇంట్లో రెండు భాషలున్న పిల్లలు ఒకే భాష ఉన్నవాళ్ల కంటే వెనకబడటం కనిపించలేదు. కాబట్టి టెన్షన్ భాషల సంఖ్య గురించి కాదు. ఇంట్లో అసలు వినపడని భాషలోనే పొద్దంతా చెప్పి, "నో తెలుగు" అని బోర్డు పెట్టే చోట బిడ్డ మూగవాడైపోతాడు. నీళ్లు కావాలని తెలుగులో అడిగితే మందలించిన స్కూలు మేం ముందు వేసినదే. ప్రభుత్వ బడుల్లో ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు వచ్చాయి, టీచర్ చెప్పేది ఎలాగూ తెలుగులోనే. బోర్డు మీద ఏ మీడియం రాశారో వదిలేసి, టీచర్ నోటి నుంచి ఏ భాష వస్తుందో వినండి.

బడి చూడటానికి ఎప్పుడు, ఎలా వెళ్లాలి

మే నెలలో వెళ్లకండి. పిల్లలు లేని బడిలో గోడలు తప్ప ఏమీ కనపడవు. జనవరి నుంచి మార్చి లోపు, మధ్యాహ్న భోజనం సమయానికి వెళ్లండి. కంచాల దగ్గర పెద్ద పిల్లలు చిన్నవాళ్లతో ఎలా ఉన్నారో పది నిమిషాలు చూస్తే హెడ్ మాస్టర్ గారి మాటలు వినక్కర్లేదు. బిడ్డని వెంట తీసుకెళ్లండి. టీచర్ బిడ్డతో మాట్లాడుతుందా, బిడ్డ పక్కనుండగానే బిడ్డ గురించి మీతో మాట్లాడుతుందా గమనించండి. బాత్రూమ్ తలుపుకి గడియ ఎక్కడుందో, నీళ్ల కుళాయి వాడికి అందుతుందో కూడా. యూనిఫాం సంగతి అడగండి. ప్రైవేటులో బెల్టు, టై, లేసుల బూట్లు తప్పనిసరి అన్నారు, మా వాడు బాత్రూమ్‌కి వెళ్లాలంటే మూడు చిక్కుముళ్లు విప్పాలి. ఇక్కడ బట్ట ఇస్తారు, కుట్టించుకునేది మనమే. టైలర్‌కి చెప్పి నడుముకి ఎలాస్టిక్ వేయించాను. ఆ నెల నుంచి తడిసిన నిక్కరుతో ఇంటికి రావడం ఆగిపోయింది.

వయసు విషయం. ఎల్‌కేజీ రెండుసార్లు, యూకేజీ రెండుసార్లు అని ఆపేస్తూ పోతే ఎనిమిదేళ్ల బిడ్డ ఐదేళ్ల పిల్లల మధ్య కూర్చుంటాడు. చదువు ఎలాగూ వాడి స్థాయిలోనే సాగుతుంది, స్నేహాలు మాత్రం ఈడు పిల్లలతోనే కుదురుతాయి. విద్యాహక్కు చట్టం కూడా వయసుకు తగిన తరగతిలోనే చేర్చమంటుంది. మరీ అవసరమైతే ఒక్క ఏడాది ఆపండి, అంతే.

పదో తరగతి బెంగ ఇప్పుడే పెట్టుకోకండి, కానీ దారులు ఉన్నాయని తెలిసి ఉండటం మంచిది. రెండో, మూడో భాష నుంచి మినహాయింపు, రాసిపెట్టే మనిషి, అదనపు సమయం అడిగే హక్కు ఉంది. జాతీయ సార్వత్రిక విద్యా పీఠం, అంటే ఎన్‌ఐఓఎస్‌లో 14 ఏళ్లు నిండితే పది రాయొచ్చు, ఐదు సబ్జెక్టులు చాలు, లెక్కలు తీసుకోకపోయినా ఫర్వాలేదు. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. అంతకంటే కిందివాళ్లకి మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన స్థాయిలూ ఉన్నాయి. స్వల్ప స్థాయి పిల్లలున్నవాళ్లు ఏడో తరగతి నుంచే దీని గురించి కనుక్కోవడం మొదలుపెట్టండి.

బిడ్డ స్థాయి గురించి ఇంకా సందేహం ఉంటే సికింద్రాబాద్ బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థకి ఒకసారి వెళ్లిరండి. 1984లో పెట్టినది, పాతవాళ్లు ఎన్‌ఐఎంహెచ్ అంటారు, ఇప్పుడు పేరు ఎన్‌ఐఈపీఐడీ. పరీక్షించి, ఇంట్లో ఏం నేర్పాలో కూడా చెబుతారు. ఇంటి దగ్గర జిల్లా ఆసుపత్రిలోని డైక్ కేంద్రంలోనూ, అంటే పిల్లల లోపాలను ముందుగా గుర్తించి సాయం చేసే చోట, చూపించవచ్చు.

ఏ బడి ఎంచుకున్నా ఆ నిర్ణయం ఒక ఏడాదికే అనుకోండి. బిడ్డ పొద్దున్నే కడుపునొప్పి అంటున్నా, వచ్చిన మాటలు పోతున్నా, సంక్రాంతికి నోట్‌బుక్‌లో జూన్ నాటి పేజీలే ఉన్నా మార్చే ఆలోచన చేయాలి. చుట్టాలు ఏమనుకుంటారో అని మేం ప్రైవేటులో అదనంగా ఐదు నెలలు ఉంచాం.

చేర్చే రోజు టీచర్‌కి ఒక పేజీ రాసి ఇవ్వండి. డాక్టర్ రిపోర్టుల ఫైలు ఎవరూ చదవరు, ఒక పేజీ చదువుతారు. నేను ఇచ్చినది ఇలా ఉంది: "పిలిస్తే వెంటనే పలకడు, పది లెక్కపెట్టేదాకా ఆగండి. ఒకసారి ఒక పనే చెప్పండి. బొమ్మ చూపిస్తే తొందరగా అర్థమవుతుంది. బాత్రూమ్ అని అడగడు, చొక్కా అంచు పట్టుకుని లాగుతాడు. బెల్లు శబ్దం అంటే భయం, కొట్టే ముందు చెప్పండి. కోపం వస్తే బల్ల కిందకి దూరతాడు, రెండు నిమిషాలు వదిలేస్తే తనే వస్తాడు." మేడమ్ దాన్ని బీరువా తలుపు లోపలివైపు అంటించుకున్నారు. ఏటా జూన్‌లో కొత్త కాగితం రాసిస్తాను. పోయిన ఏడు చొక్కా అంచు లైను తీసేశాను. ఈ ఏడు బెల్లు లైను తీసేశాను, కొట్టేది వాడే కాబట్టి. బల్ల కింద సంగతి ఇంకా ఉంది.